నీలిరంగు మాత్ర

కరవుసీమలో పుట్టిన మనం ఆకాశం వంక చూడడానికి అలవాటుపడ్డాం. ఇంట్లోని బిడ్డ పాలిపోయిన ముఖం వంక చూడడం మాత్రం మరచిపోయాం.

2014 జనవరి 7న ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుండి 19 ఏండ్ల వయస్కుల ఆరోగ్యానికై ఏర్పడినది. రక్తహీనత నివారణకై ఇనుము, ఫోలిక్ ఆమ్లం గల నీలిరంగు మాత్రను పాఠశాలల్లో వారానికొకటి చొప్పున ఇస్తారు.

మా విద్యార్థులతో కలసి అనంతపురం చెంతనున్న ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లినప్పుడు, బాలికలు ఆ మాత్రలను గోడ అవతలకు విసరివేయడం చూచాం. అజ్ఞానమని మందలించాం. మరునాడు ఒక తల్లి వచ్చి, మాత్ర మింగిన బిడ్డకు వికారం కలిగిందనీ, మలం నల్లబడిందనీ, సంతానం కలుగకుండా చేసే మందేమోనని వీధిలో భయపడుతున్నారనీ చెప్పింది. "హమ్‌నా కోయి బోలేచ్ నై, సాబ్" అన్నది. మాకెవ్వరూ చెప్పనే లేదన్న ఆ మాటకు మా వద్ద సమాధానం లేకపోయింది. అజ్ఞానం ఎవరిదో అప్పుడు తెలిసింది.

ఆపై తల్లులను పాఠశాలకు ఆహ్వానించాం. ఆరోగ్య కార్యకర్త తెలుగులో చెప్పగా మేము ఉర్దూలో వివరించాం: మాత్రను భోజనానంతరం వేసుకోవాలి, వెంటనే టీ త్రాగరాదు, అది ఇనుమును ఒంటబట్టనీయదు, నిమ్మరసం తోడ్పడుతుంది, మలం నల్లబడడం ఇనుము వల్లనే, భయం లేదు. మాటల్లో మాటగా నెలసరి ప్రస్తావన వచ్చింది. అంతవరకు తలవంచుకొన్న తల్లులే ప్రశ్నలు వేయసాగారు. ఒక అధ్యాపకురాలికి సభ అప్పగించి మేము బయటకు వచ్చాం.

తండ్రులు మాత్రం ఒక్కరూ రాలేదు. ఆ లోటు ఇంకా మిగిలే ఉన్నది. విద్యార్థులారా, ఈ పుటను ఇంటికి తీసుకొనిపోయి మీ తండ్రిగారికి చదివి వినిపించండి.