తుపాకీ గుర్తు తీపిరొట్టె

తుపాకీని కొరికి తినాలంటే రష్యాలోని తూలాకి వెళ్లాలి! మాస్కోకి దక్షిణంగా సుమారు 180 కిలోమీటర్లు. టాల్‌స్టాయ్ ఇల్లున్న యాస్నయా పొల్యానా ఈ ఊరికి దగ్గరే. పీటర్ చక్రవర్తి 1712లో ఇక్కడ ఆయుధాల కర్మాగారం పెట్టించాడు. అందుకే 1778లో ఊరికిచ్చిన అధికార చిహ్నంలో తుపాకీ గొట్టం, కత్తి అలుగులు, సుత్తులు చేరాయి. ఆ చిహ్నమే తీపిరొట్టె మీదకీ ఎక్కింది.

రొట్టె పేరు ప్ర్యానిక్. పిండిలో తేనె, సుగంధ ద్రవ్యాలు కలిపి, మధ్యలో జామ్ పెట్టి కాలుస్తారు. 1685 నాటి రికార్డుల్లోనే దీని ప్రస్తావన ఉంది. దీనికి రూపమిచ్చేది చెక్క అచ్చు. తెలుగువారి పెళ్లిళ్లలో కనిపించే పంచదార చిలకల అచ్చులకి దూరపు చుట్టమన్నమాట. కాకపోతే ఇక్కడ పాకం పోయరు, పిండిముద్దని పెట్టి అదుముతారు.

బిర్చ్, పియర్ లాంటి చెట్ల కలపని బాగా ఎండబెట్టి అచ్చులు చెక్కుతారు. అక్షరాలన్నీ తలకిందులు కాదు, ఎడమ కుడి తారుమారు! అప్పుడే రొట్టె మీద సరిగా పడతాయి. గీతలు లోతుగా ఉండాలి. లేకపోతే పొయ్యిలో పిండి పొంగి, తుపాకీ కాస్తా కర్రముక్కలా మిగులుతుంది.

పాత అచ్చులు సేకరించేవాళ్లు నగిషీ ఒక్కటే చూడరు. అంచులు అరిగాయా, లోతుల్లో పిండీ నూనె పట్టి నల్లబడిందా అని వెతుకుతారు. గీతలు మరీ పదునుగా ఉంటే అనుమానమే. అరుగుదల లోపం కాదు, ఆ చెక్క ఎందరికో తిండి పెట్టిందనడానికి సాక్ష్యం.

1941 చివర్లో జర్మన్ ట్యాంకులు ఊరి పొలిమేరలదాకా వచ్చాయి. తూలా లొంగలేదు. 1976లో 'వీరనగరం' బిరుదు దక్కింది. యుద్ధంతో ఆగిన ప్ర్యానిక్ తయారీ 1954లో మళ్లీ మొదలైంది. ఆరిన పొయ్యిని మళ్లీ రాజేయొచ్చు. చలికి తాళలేక పొయ్యిలో పెట్టేసిన అచ్చు మాత్రం తిరిగిరాదు.

1996లో ఇక్కడ ప్ర్యానిక్ మ్యూజియం తెరిచారు. ఊళ్లోనే శిరస్త్రాణం ఆకారపు భవనంలో ఆయుధాల మ్యూజియమూ ఉంది. అక్కడి తుపాకుల్ని ముట్టుకోనివ్వరు. ఇక్కడి తుపాకీని పిల్లలు టీతో పాటు నమిలేస్తారు.