ఆకు మీది దుమ్ము

బాలలూ! అనంతపురం నుంచి గుత్తికి పోయే దారిలో, పెన్నానది ఒడ్డున పామిడి అనే ఊరు ఉన్నది. బట్టల వ్యాపారానికి పేరుపొందిన ఊరు. ఏటి ఒడ్డున భోగేశ్వరస్వామి గుడి చూడదగినదే. కాని ఈసారి నేను మీకు చూపించదలచినది గుడి కాదు, రోడ్డుపక్కన ఉన్న ఒక వేపచెట్టు.

శ్రీనగరు నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఇటుగానే పోతుంది. లారీలకు పగలూ రాత్రీ లేదు. ఆ చెట్టు ఆకు ఒకటి తుంచి, తడిపిన తెల్లగుడ్డతో తుడిచి చూచాను. గుడ్డ నల్లబడింది. తరువాత రోడ్డుకు దూరంగా చేనుగట్టు మీది వేపాకును తుడిచాను. అక్కడా దుమ్మున్నది గాని, అది మట్టిరంగు. మీరూ చేసి చూడండి, పెద్దలను వెంటబెట్టుకొని. జిల్లేడాకు మాత్రం తుంచకండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

కోస్తాలో వానలు ఆకులను తరచు కడుగుతాయి. అనంతపురం సీమలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అందుచేత ఇక్కడి ఆకు మీద దుమ్ము వారాల తరబడి నిలిచిపోతుంది.

నేను ఆకు తుడుస్తూ ఉంటే, మేకలు తోలుకుపోయే పిల్లవాడొకడు ఆగి, "మా మేకలు ఈ ఆకే గదా సార్ తినేది!" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆ నలుపులో డీజిలు మసి, టైర్లు అరిగి రాలిన పొడి, బ్రేకుల పొడి ఉంటాయి. టైర్ల రబ్బరులో జింకు, బ్రేకుల పొడిలో రాగి ఉంటాయి. సీసం కథ వేరు. ఇంజను కొట్టుకోకుండా ఉండేటందుకు ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. మన దేశంలో అది 2000లో ఆగింది. అందరికంటె చివర అల్జీరియా 2021లో ఆపింది. కాని సీసం కుళ్ళేది కాదు. పాత రోడ్ల పక్క మట్టిలో పడినది అక్కడే ఉండి, గాలి లేచినప్పుడు మళ్ళీ ఆకెక్కుతుంది.

లోహాలను కంటితో గుర్తుపట్టలేము. శాస్త్రజ్ఞులు ఒకే చెట్టు ఆకులు కొన్నిటిని కడిగి, కొన్నిటిని కడగకుండా ఎండబెడతారు. పొడిచేసి ఆమ్లంలో కరిగించి, మంటలోకి చిమ్మి, దానిగుండా వెలుగు పంపుతారు. ఒక్కొక్క లోహం తనకు తగిన వెలుగునే మింగుతుంది. ఎంత మింగినదో కొలిస్తే ఆ లోహం ఎంతున్నదో తెలుస్తుంది. కడగని ఆకులో అదనంగా ఉన్నది పైన కూర్చున్న దుమ్ములోది. కడిగినా పోనిది వేళ్ళు తాగినదీ, ఆకు రంధ్రాలగుండా దూరినదీ.

ఈ రెండవదే చిక్కు. ఇదే రహదారి మీద ఉత్తరంగా పోతే హైదరాబాదు, దాని శివార్లలో పటాన్‌చెరు. 1970ల నుంచి అక్కడ మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వెలిశాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అక్కడి మట్టిని పరీక్షించి, క్రోమియం, ఆర్సెనిక్ వంటివి మామూలుకంటె ఎక్కువగా ఉన్నాయని 2001లో ప్రకటించారు. అటువంటి మట్టిలో పెరిగిన పాలకూర లోహాన్ని లోపలే దాచుకోగలదు; ఎన్ని నీళ్ళలో జాడించినా అది పోదు. పైదుమ్మయితే చాలావరకు పోతుంది. ఇసుక పోవాలని అమ్మ ఆకుకూరను రెండు మూడు నీళ్ళు కడుగుతుంది చూడండి, సీసపు దుమ్మూ ఆ నీళ్ళలోనే కొట్టుకుపోతుంది. సీసం పసిపిల్లల మెదడును చెరుపుతుంది.

మేక ఆకు కడుక్కోదు గదా! తిన్న సీసంలో కొంత దాని ఎముకలలో, కాలేయంలో నిలిచిపోతుంది. ఆ సంగతి చెప్పి, "రోడ్డుకు దూరంగా మేపుకో నాయనా" అన్నాను.

"వాన పడితే అట్లే మేపుతా సార్. ఎండాకాలం పచ్చని కొమ్మ ఉండేది ఈ రోడ్డు పక్కనే," అన్నాడు వాడు.