విమానంలో మన మేకు

ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి ఉంటుంది. కొందరు తపాలా బిళ్ళలు పోగు చేస్తారు. మా కాలేజీలో లెక్కల మాస్టారొకరు పాత తాళంచెవులు పోగు చేస్తారు. వాటి తాళాలు మాత్రం ఆయన దగ్గర లేవు. నాది విమానాల పిచ్చి. నిజం విమానాలు కావు లెండి. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాలకు చిన్న చిన్న నమూనాలు, వాటిలో కూర్చునే బొటనవేలంత పైలట్ బొమ్మలు. తెలుగు ఎం.ఏ. చదివి, ప్రబంధాలూ వ్యాకరణమూ చెప్పుకుని బతికే మనిషికి ఇదేం వ్యసనమని మీరడగవచ్చు. మా ఆవిడ పదహారేళ్ళుగా అడుగుతూనే ఉంది.

మా ఊరు అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం. పేరులో సముద్రమున్నదని మోసపోకండి. విజయనగర రాజుల నాటి పెద్ద చెరువును బట్టి వచ్చిన పేరది. తెగబోయే చెరువుకట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మా ఊరిదే. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాన్ని కావ్యం చేయడం వల్ల తెలుగు చదువుకున్నవారికి మా ఊరు ఆ మాత్రం తెలుసు. రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన పడే జిల్లా మాదేనంటారు. విమానాల కథలో వానల సంగతి ఎందుకంటారా? నా కథలో ఆ రెండూ కలిశాయి.

నా మొదటి విమానం బెంగుళూరులో ఒక బొమ్మల దుకాణంలో దొరికింది. ఎయిర్‌ఫిక్స్ కంపెనీవారి సాప్విత్ క్యామెల్. పెట్టె విప్పితే, తీగకు చిక్కుడుకాయలు వేలాడినట్టు చట్రానికి ప్లాస్టిక్ ముక్కలు వేలాడుతుంటాయి. వాటిని కోసి, అరగదీసి, అంటించి, రంగు వేయాలి. ఇంతవరకు ఓపికున్నవారెవరైనా చేస్తారు. అసలు రుచి తరువాత ఉంది. పెట్టెలో వచ్చే పైలట్లందరిదీ ఒకటే అచ్చు, ఒకటే ముఖం. ఆ బొమ్మ మెడ కోసి తల పక్కకు తిప్పడం, చెయ్యి విరిచి కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు అతికించడం, మెడకు పట్టుపీలిక చుట్టడం – అప్పుడు గదా వాడు ఫలానా మనిషి అవుతాడు!

నా క్యామెల్‌లో కూర్చున్న మనిషి సర్దార్ హర్దిత్ సింగ్ మాలిక్. ఆ యుద్ధంలో ఇంగ్లీషువారి విమానదళంలో ఎగిరిన మన పైలట్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు – మాలిక్, ఇంద్రలాల్ రాయ్, వెలింకర్, సేన్. తలపాగా తీయనన్నాడు మాలిక్. తలపాగా మీద పట్టేటంత పెద్ద తోలుటోపీ ప్రత్యేకంగా కుట్టించుకుని ఎగిరాడు. 1917లో కాలిలో తూటాలు దిగినా బతికి బయటపడి, స్వతంత్రం వచ్చాక ఫ్రాన్సులో మన రాయబారిగా పనిచేశాడు. రాయ్ కథ వేరు. 1918 జులైలో పదమూడు రోజుల్లో పది విజయాలు సాధించి, అదే నెల 22న తానూ కూలిపోయాడు. పందొమ్మిదేళ్ళవాడు. రాయ్ బొమ్మను మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశాను. ముఖం చెక్కబోతే, రెండో సంవత్సరం క్లాసులో వెనక బెంచీ మీద చూసిన ముఖమేదో వచ్చి కూర్చుంటుంది.

ఈ విమానాలకూ మా మెట్టనేలకూ ఒక చుట్టరికమున్నది. క్యామెల్ వంటి విమానాల్లో ఇంజనే గిరగిరా తిరిగేది. ఆ ఇంజనుకు పోసే నూనె మరేదో కాదు, ఆముదం. పెట్రోలులో కలిసిపోకుండా, అంత వేడికీ తట్టుకునే నూనె అదొకటే కుదిరింది. తిరిగే ఇంజను ఆ ఆముదాన్ని తుంపరలుగా వెనక్కి చిమ్మేది. పైలట్ కళ్ళజోడు నిండా ఆముదం, మూతి నిండా ఆముదం, కొంత కడుపులోకి కూడా. దిగీ దిగగానే పాపం ఎటు పరుగెత్తేవారో మీరే ఊహించుకోండి. యుద్ధకాలంలో ఇంగ్లాండుకు ఆ సరుకు పంపిన దేశాల్లో మనది ముఖ్యమైనది. మా పొలంలో వేరుశనగ సాళ్ళ మధ్య ఇప్పటికీ ఆముదాలు వేస్తాం. ఈ సంగతి చెప్పినప్పుడు మా నాయన ఒక్కసారి నవ్వాడు. నా విమానాల విషయంలో ఆయన నవ్వడం అదే మొదలు.

మా నాయన రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టరు. పింఛను వస్తున్నా పొలం వదలడు. మూడెకరాల చీనీతోట ఆయన ప్రాణం. నాలుగేళ్ళ క్రితం వేసవిలో బోరు నీళ్ళు సన్నబడ్డాయి. ఇంకో ఐదారు పైపులు దింపితే మోటారుకు నీళ్ళందుతాయని మెకానిక్కు చెప్పాడట. "పదివేలు సర్దుతావా రా?" అని నాయన అడిగాడు. ఈ నెల కుదరదన్నాను. అబద్ధం కాదు; నిజమూ కాదు. అప్పటికే నేను విదేశం నుంచి ఒక పెట్టె తెప్పించుకుంటున్నాను. ఎర్ర మూడురెక్కల ఫోకర్, పెద్ద సైజు, జర్మన్ వీరుడు రిక్ట్‌హోఫెన్ నడిపిన రకం. ఎనభై విమానాలను కూల్చి, 1918 ఏప్రిల్ 21న తానూ చచ్చిపోయిన మనిషి.

పార్శిల్ వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. నాయనే సంతకం పెట్టి తీసుకున్నాడు. సాయంత్రం బల్ల మీద పెట్టె చూపించి, "ఎంతయింది రా ఇది?" అన్నాడు.

"రెండువేలు నాయనా" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. పైపులు పడలేదు. ఆ వేసవిలో నలభై ఒక్క చీనీచెట్లు ఎండిపోయాయి. కాయ మీద ఉన్న చెట్లు. ఆకు ముడుచుకుని, కాయ గోలీకాయంత అయి, కొమ్మ మీదే నల్లబడింది. నాయన వాటి గురించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండును. నేను పెట్టెను విప్పకుండానే బీరువా మీదికెక్కించాను. ఏడాది పైగా ఏ విమానాన్నీ ముట్టుకోలేదు. మా ఆవిడ, చిత్రంగా, మీకు ఒంట్లో బాగుండటం లేదా అని అడిగింది.

ఒక రాత్రి కరెంటు పోయి అందరం అరుగు మీద కూర్చున్నాం. పైన దీపాలు మిణుకుమంటూ విమానమొకటి పోతోంది. నాయన మా అమ్మాయికి చెబుతున్నాడు: "మీ ముత్తాత ఉన్నాడే, విమానం కనబడితే చాలు, అందులో ఒక మేకు మనది అనేవాడు." రెండో యుద్ధం రోజుల్లో యుద్ధనిధి వసూళ్ళకు వచ్చినప్పుడు మా తాత రెండు రూపాయలిచ్చాడట. ఇష్టపడి కాదు, ఇవ్వకపోతే బాగుండదని. ఆ డబ్బుతో విమానాలు కొంటారని చెప్పారట. అప్పటి నుంచి చచ్చేదాకా ఆయనకు ఆకాశంలో ఒక మేకు బాకీ ఉండిపోయింది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఇన్నాళ్ళూ విమానం నడిపినవాడెవడని చూశాను గాని, డబ్బు కట్టినవాడెవడని చూడలేదు. వెతికాను. మా తాత చెప్పింది ఉత్తమాట కాదు. రెండో యుద్ధంలో 79, 234 నంబర్ల దళాలకు మద్రాసు ప్రెసిడెన్సీ అనే పేరు ఉండేది. అంతకు ముందు మొదటి యుద్ధంలో, నా విమానాల కాలంలోనే, తెలుగునేల సొమ్ము కూడా కలిసి ఎగిరిన దళమొకటి ఉన్నది. 110వ నంబరు హైదరాబాదు దళం. దాని విమానాలకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ డబ్బిచ్చాడు. డి.హెచ్. 9ఏ రకం. ఇద్దరు కూర్చునే బాంబు విమానం. ముందు పైలట్, వెనక తుపాకీతో తోడు. నాలుగువందల గుర్రాల అమెరికన్ లిబర్టీ ఇంజను. రెక్క కొస నుంచి కొసకు నలభై ఆరడుగులు. 1918 సెప్టెంబరు మొదట్లో ఫ్రాన్సు చేరి, యుద్ధం ముగిసేదాకా జర్మనీ మీద బాంబులు వేసింది ఆ దళం. ఒక్కొక్క విమానం మీదా హైదరాబాదు నిజాం బహూకరించినదని రాసి ఉండేది.

వాటిలో ఒకటి ఇప్పటికీ ఉన్నది. ఎఫ్1010 అనేది దాని నంబరు. 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. అందులోని ఇద్దరూ ఖైదీలయ్యారు. జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బాంబులకు భయపడి పోలండుకు తరలించారు. 1977లో పోలండువారు దాన్ని ఇంగ్లాండుకిచ్చి, బదులుగా ఒక స్పిట్‌ఫైర్ విమానం పుచ్చుకున్నారు. రెక్కలు పోతే కొత్తవి చేసి తగిలించి, లండన్‌లో హెండన్ మ్యూజియంలో నిలబెట్టారు. దుప్పటి బేరం లాగా విమానాల బేరం!

ఇక ఉండబట్టలేదు. ఈసారి పెట్టె కొనదలచుకోలేదు, కొనే ముఖమూ లేదు. అడుగుకు పావంగుళం లెక్కన కొలతలు వేసుకున్నాను. రెక్కలు పదకొండున్నర అంగుళాలు, మనిషి అంగుళంన్నర. అట్ట కోసి మొదలుపెడితే రెక్క వంగిపోయింది. రెండు రోజులు చూసి నాయన దొడ్లోకి వెళ్ళి జొన్నదంట్లు తెచ్చాడు.

"బెండు వాడు. నీ చిన్నప్పుడు బండి చేసిస్తే వంగిందా?"

జొన్నదంటు పైతోలు ఒలిస్తే లోపలి బెండు దూది కంటె కొంచెం గట్టిగా ఉంటుంది, అంతే. చిన్నప్పుడు మాకు బండ్లు, మంచాలు, నాగళ్ళు అన్నీ దానితోనే. మేకులకు బదులు తుమ్మముళ్ళు. రెక్కలకు బెండు పక్కటెముకలు, వాటి మీద గాలిపటాల కాగితం, మైదా గంజి. రెండు రెక్కల మధ్య తీగలకు ధర్మవరం పట్టుదారం; నూగు లేవకుండా మైనం రాశాను. రంగు ఎండిన తంగేడాకు రంగు. పైలట్ల కోట్లకు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఒకాయన మేకతోలు పేలికలిచ్చాడు. పల్చగా గీకిన ఆ తోలు అంగుళంన్నర మనిషికి కూడా మడత పడుతుంది.

బొమ్మలకు కట్టె కావాల్సి వచ్చింది. నాయనే తెచ్చి చేతిలో పెట్టాడు. బొటనవేలంత లావు, పసుపుపచ్చగా, సన్నని ఈనెతో, బరువుగా ఉంది.

"ఇదేం కట్టె నాయనా?"

"చీనీ. గట్టిది. ముక్కూ మూతీ బాగా తెగుతాయి."

నేను తలెత్తలేదు. ఆ కట్టెలోంచే ఇద్దరినీ చెక్కాను. నెల పట్టింది. ఆ విమానంలో పోయినవారికి పారాచూట్ లేదు. ఇంగ్లీషు దళం తన విమానాల్లో పోయేవారికి 1918లో అది ఇవ్వలేదు. పైన నిప్పంటుకుంటే దిగే దారి లేదు. అందుకని వీపున ఏ మూటా లేకుండా చెక్కాను. వెనకవాడి తల మాత్రం వెనక్కి తిప్పి పెట్టాను.

చివరికి మిగిలింది విమానం మీది రాత. సన్నకుంచెతో "నిజాం బహూకరించినది" అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు అక్షరాలు రాయబోతుంటే నాయన కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూశాడు.

"ఆయన ఇచ్చినాడా? ఆయన దున్నినాడా, కోసినాడా? శిస్తు కట్టినోళ్ళ పేరేది?"

"ఉన్నది ఉన్నట్టు రాయాలి గదా నాయనా. నమూనా అంటే అదే."

"నీ ఇష్టం. పోనీ, మనల్ని కూడా ఒకరు బహూకరించినోళ్ళే గదా."

ఆ మాటకు నా కుంచె ఆగింది. సైన్యం ఖర్చు కింద 1800లో అప్పటి నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన నేల మాది. అందుకే 1928లో రాయలసీమ అన్న పేరు వచ్చేదాకా మాకు దత్తమండలాలనే పేరు. అనంతపురంలో 1916లో పెట్టిన కాలేజీకి కూడా దత్తమండల కళాశాల అన్నారు. నేలనిచ్చిన నూటపద్ధెనిమిదేళ్ళకు ఆ వంశంవారే విమానాలిచ్చారు. రెండుసార్లూ ఇచ్చినవారి పేరు రాశారు. నేను క్లాసులో ఈ పాఠం ఎన్నోమార్లు చెప్పాను. మా నాయన చెప్పినట్టు ఒక్కసారీ చెప్పలేదు.

రాత మాత్రం రాశాను. తప్పు రాయడం నా చేత కాదు.

రంగు ఆరాక నాయన విమానాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని బోర్లించాడు. జేబులోంచి తుమ్మముల్లు తీసి, కొస విరిచి, పొట్ట కింద బెండులోకి మెల్లగా గుచ్చాడు. పైకి కనబడదు.

"అది రెండో యుద్ధం నాయనా. ఇది మొదటిది. పైగా తాత ఇచ్చింది మద్రాసు లెక్కకు, ఇది హైదరాబాదు."

"తెలుసులే" అని విమానాన్ని మా అమ్మాయికిచ్చాడు. తువ్వాలు దులుపుకుని లేవబోతూ, బీరువా వైపు చూసి అన్నాడు:

"ఆ పెట్టె ఎప్పుడు విప్పుతావు రా? పన్నెండువేల నాలుగువందలు పోసి తెచ్చుకుని, దుమ్ము పట్టించుకుంటారా ఎవరైనా?"

నేను స్టూలు వేసుకుని పెట్టె దించాను. కత్తెర ఆయన చేతికే ఇచ్చాను.