కార్డు లెక్క కంప్యూటర్‌కెక్కేదాకా

రండి, కుంపటికి కాస్త దగ్గరగా జరగండి. మా ఊరు పెద్దేముల్‌లో చలి ముదిరింది. కంది కోతల రోజులు కదా, తాండూరు మార్కెట్లో ధర ఎంత పలుకుతుందోనని ఎవరిని కదిపినా అదే మాట. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆ మాటలో కొంచెం గర్వం కూడా కలిసింది. ఆ కబుర్లు ఇంకోసారి చెప్పుకుందాం. ఇవాళ నా మనసంతా క్రెడిట్ కార్డు లెక్క మీద ఉంది.

మా పక్క చాలా ఇళ్లకు మొదట తెలిసిన క్రెడిట్ కార్డు కిసాన్ క్రెడిట్ కార్డే. 1998లో మొదలైంది. దాని లెక్క పెద్ద చిక్కేమీ కాదు. పంట రుణం తీసుకోవాలి, ఏడాది తిరిగేలోపు కట్టాలి, మళ్లీ తీసుకోవాలి. 3 లక్షల దాకా 7 శాతం మిత్తి, గడువు దాటకుండా కడితే అందులో 3 శాతం తగ్గుతుంది. గుర్తుపెట్టుకోవలసింది ఒక్క తేదీ. ఇప్పుడు పిల్లలు హైదరాబాదులో కొలువులు చేస్తున్నారు, ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు కార్డులు. 2022 సెప్టెంబర్‌లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపాక చాయ్ డబ్బులు, కూరగాయల డబ్బులు కూడా కార్డులోకే పోతున్నాయి. నెల బిల్లులో వరుసలు వంద దాటడం వింత కాదు.

అన్ని వరుసలు చేత్తో రాసుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకే కంప్యూటర్లో ఇంటి లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ పెట్టుకునేవాళ్లు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. గ్నూక్యాష్ ఉచితంగా దొరుకుతుంది. ప్రతి రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో రెండు వైపులా రాసే పద్ధతి దానిది. మన సేట్లు, గుమాస్తాలు తరతరాలుగా రాసిన జమాఖర్చుల తీరే. ఇంతవరకు బాగానే ఉంటుంది. బ్యాంకు సైటులో ఉన్న లెక్కను ఈ సాఫ్ట్‌వేర్‌లోకి తేవాల్సి వచ్చినప్పుడే అసలు బాధ మొదలవుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లను అడగండి, వాళ్ల కథ వేరుగా ఉంటుంది. అక్కడ 1997లోనే మైక్రోసాఫ్ట్, ఇన్‌ట్యూట్, చెక్‌ఫ్రీ అనే మూడు కంపెనీలు కూర్చుని ఓఎఫ్ఎక్స్ అనే ఒక ఉమ్మడి ఫైలు రూపాన్ని ఖాయం చేశాయి. లావాదేవీ తేదీ ఎక్కడ రాయాలి, మొత్తం ఎక్కడ రాయాలి అన్నవి అందులో తేల్చి పెట్టారు. అన్నిటికన్నా విలువైనది ఇంకొకటుంది. ప్రతి లావాదేవీకి బ్యాంకు తనదైన ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. అదే ఫైలును పొరపాటున రెండుసార్లు దించినా సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్య చూసి, ఇది ముందే ఉందని పక్కన పెట్టేస్తుంది. అక్కడా బాధలు లేవని కాదు. ఇంటి లెక్కలు రాసే మైక్రోసాఫ్ట్ మనీ అమ్మకం 2009లో ఆగిపోయింది, అలాంటి పనికే ఎంతోమంది వాడిన మింట్ 2024లో మూతపడింది. అయినా ఫైలు అంటూ ఒకటి చేతికొస్తుంది, దాన్ని ఇంకో చోటికి పట్టుకుపోవచ్చు.

మన దగ్గర? పొదుపు ఖాతాకు ఎక్సెల్ ఫైలు ఇచ్చే బ్యాంకే కార్డుకు వచ్చేసరికి తరచు పీడీఎఫ్ చేతిలో పెడుతుంది. దానికో తాళం, పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన తేదీ. పీడీఎఫ్ మనిషి కళ్లతో చదవడానికి తయారైన కాగితం. అందులో గీతలు, వరుసలు మనకు కనిపిస్తాయే గానీ ఏది తేదీయో ఏది మొత్తమో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే గుర్తులేవీ సాధారణంగా ఉండవు. కాపీ చేసి అతికిస్తే దుకాణం పేరు రెండు లైన్లుగా విరిగి, మొత్తం పోయి కింది వరుసలో పడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పీడీఎఫ్‌ను ఎక్సెల్‌గా మార్చి ఇస్తామనే ముక్కూ మొహం తెలియని సైట్లలో మీ బిల్లు పెట్టకండి. అందులో మీ పేరు, చిరునామా, మీరు ఎక్కడెక్కడ తిరిగారో, ఏ ఆస్పత్రిలో ఎంత కట్టారో అన్నీ ఉంటాయి. ఆ పని మీ కంప్యూటర్లోనే జరగాలి.

సరే, ఎలాగో గళ్లను కామాలతో విడదీసి రాసే ఒక సీఎస్‌వీ ఫైలు సంపాదించారు అనుకుందాం. మొదటి దెబ్బ తేదీల దగ్గర తగులుతుంది. మనం రోజు ముందు రాస్తాం, అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే జూలై 3 కాస్తా మార్చి 7 అయిపోతుంది. జూలై 13 మాత్రం తేదీ కాకుండా ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది, ఎందుకంటే పదమూడో నెల లేదు. అంటే నెలలో మొదటి పన్నెండు రోజుల లెక్కలు దాదాపు అన్నీ చడీచప్పుడు లేకుండా వేరే నెలల్లోకి వెళ్లిపోతాయి. అందుకే దిగుమతి చేసేటప్పుడు రోజు, నెల, సంవత్సరం అనే వరుసను మనమే ఎంచి చెప్పాలి, సాఫ్ట్‌వేర్ ఊహకు వదలకూడదు.

తర్వాత కూడిక, తీసివేత గుర్తులు. కార్డు బిల్లులో కొనుగోలు మామూలు అంకెగా ఉంటుంది, మనం కట్టిన, వాపసు వచ్చిన మొత్తాల పక్కన ‘సీఆర్’ అని ఉంటుంది. ఆ రెండక్షరాలను సాఫ్ట్‌వేర్ పట్టించుకోకపోతే వాపసు కూడా ఖర్చే అవుతుంది. మొత్తం గుర్తులే తిరగబడితే మీరు కొన్న చీరలు, పురుగుమందులు అన్నీ ఆదాయంగా కనిపిస్తాయి. ఇంకొకటి, కార్డు బిల్లు కట్టడం ఖర్చు కాదు. ఖర్చు కొన్నరోజే అయిపోయింది. పొదుపు ఖాతాలో ఒకసారి, కార్డు ఖాతాలో ఒకసారి అదే చెల్లింపు దిగుమతి అవుతుంది కాబట్టి రెండింటినీ ఒకే బదిలీగా కలపాలి. కలపకపోతే కార్డు మీది ఖర్చు రెట్టింపు కనిపించి మనిషి భయపడిపోతాడు.

గుర్తింపు సంఖ్య లేకపోతే ఏమవుతుందో ఇప్పుడు చూడండి. ఒకేరోజు ఒకే కొట్టులో 20 రూపాయల చాయ్ రెండుసార్లు తాగారు. తేదీ అదే, పేరు అదే, మొత్తం అదే. సాఫ్ట్‌వేర్ రెండోదాన్ని నకలు అనుకుని తీసేయవచ్చు. వేరే చిక్కులూ ఉన్నాయి. పెట్రోల్ బంకులో సర్‌చార్జి పడి, కొన్నాళ్లకు వెనక్కి వచ్చి, దాని మీది జీఎస్టీ మాత్రం ఉండిపోతుంది. ఫోను వాయిదాల్లోకి మార్చుకుంటే మొదటి కొనుగోలు వెనక్కి పోయి, నెలనెలా అసలు, మిత్తి, మిత్తి మీద 18 శాతం జీఎస్టీ వేర్వేరు వరుసలుగా వస్తాయి. ఇంకా బిల్లులోకి ఎక్కని లావాదేవీలను ముందే దించుకుంటే రేపు వాటి తేదీ మారొచ్చు, పేరు మారొచ్చు. బిల్లు తయారయ్యాకే దించుకోవడం మేలు.

ఇన్ని చిక్కుల్లోనూ లెక్క సరిగా వచ్చిందో లేదో తేల్చే పరీక్ష ఒకటే, చివరి బాకీ కలవడం. పాత బాకీ 8,400. కట్టింది 8,400. కొన్నవి 11,250. రుసుము, జీఎస్టీతో కలిపి 118. వాపసు 600. బాకీ 10,768 రావాలి. సాఫ్ట్‌వేర్‌లో 11,968 చూపిస్తుందా? తేడా 1,200. పాత గుమాస్తాలు ఇక్కడ ఒక చిట్కా వాడేవారు, తేడాను సగం చేసి చూడమనేవారు. 600. ఆ అంకె ఏ వరుసలో ఉందో వెతకండి, గుర్తు తిరగబడింది అక్కడే. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే, చేత్తో ఎక్కించిన చోట రెండు అంకెలు తారుమారై ఉండొచ్చు, 540కి బదులు 450 అన్నట్టు. గ్నూక్యాష్‌లో దీనికి సరిపోల్చే కిటికీ ఉంది. బిల్లులోని బాకీ అంకె ఇస్తే తేడా సున్నా అయ్యేదాకా ఒక్కో వరుసకు టిక్కు పెట్టుకుంటూ పోవచ్చు. నెలకోసారి ఆ సున్నా చూడకుండా నేను లేవను.

అంత పట్టుదల ఎందుకంటారా? మా పెద్దేముల్ సంసారాల తీరు చూడండి. కొడుకు జీతం నెలనెలా వస్తుంది, కంది పైసలు మాత్రం పంట అమ్మినప్పుడే. ఆగస్టులో చేను మీద కొట్టే మందును కొడుకు కార్డు మీద తెచ్చి, జనవరిలో కంది అమ్మాక కడదామనుకుంటే ఏమవుతుంది? చాలా కార్డుల మీద బాకీ నిలిస్తే నెలకు నూటికి మూడు రూపాయలకు పైనే మిత్తి. వడ్డీ వ్యాపారి దగ్గర కూడా ఆ మాటంటే మనం ఉలిక్కిపడతాం. అదే మందు కిసాన్ కార్డు పైసలతో కొని గడువులోపు కడితే ఏడాదికి నూటికి నాలుగు. ఈ రెండు అంకెలు పక్కపక్కన కనిపించాలంటే మిత్తి వరుసలు ‘ఇతర ఖర్చులు’లో కలిసిపోకుండా విడిగా దిగుమతి కావాలి.

ఇంకో కారణం కూడా ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఆదేశంలో ఇలా ఉంది. మన తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా ఎవరో మన ఖాతాలో దొంగ లావాదేవీ చేస్తే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మన మీద ఒక్క రూపాయి పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే, 5 లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డు మీద 10,000 రూపాయల దాకా మనమే మోయాల్సి రావచ్చు. ఎస్సెమ్మెస్ వచ్చిన వెంటనే చూసుకోవడం మొదటి కాపలా. చూడకుండా దాటిపోయింది నెలాఖరు సరిపోలికలో పట్టుబడుతుంది, అప్పటికి గడువు గడిచిపోయినా మళ్లీ మళ్లీ జరగకుండా ఆపవచ్చు.

మరి బ్యాంకు దగ్గరున్న లెక్కను నేరుగా తెచ్చుకోవడానికి దేశంలో దారి లేదా అంటే, సగం ఉంది. రిజర్వు బ్యాంకు 2016లో అకౌంట్ అగ్రిగేటర్ల ఆదేశాలు తెచ్చింది, 2021 సెప్టెంబర్‌లో ఆ వ్యవస్థ నడక మొదలుపెట్టింది. మన అనుమతితో ఒక సంస్థ దగ్గరున్న మన లెక్క ఇంకో సంస్థకు చేరుతుంది. ఏర్పాటు మంచిదే. కానీ 2016 నాటి జాబితా నిండా డిపాజిట్లు, షేర్లు, ఫండ్లు, బీమా, పింఛను వంటి ఆస్తులే. అప్పుల వైపు ఉండే క్రెడిట్ కార్డుకు అందులో చోటు లేదు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కోసం శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన 2018 ముసాయిదాలో మన వివరాలను యంత్రం చదవగల రూపంలో మనకే ఇవ్వాలనే హక్కు ఉంది, 2019 బిల్లులోనూ ఉంది. 2023లో చట్టమయ్యేసరికి అది కనిపించలేదు. ఆ హక్కు పోవడం నాకు చాలా బాధ. నేను కొన్నదాని లెక్క నాది. దాన్ని బ్యాంకు తన దగ్గర అంకెలుగానే ఉంచుకుని, నాకు మాత్రం బొమ్మగా ఇవ్వడం న్యాయం కాదు.

కాబట్టి మీ బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. కార్డు లెక్కను పీడీఎఫ్‌తో పాటు సీఎస్‌వీగా ఇవ్వమనండి, తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయమనండి, కొనుగోలునూ చెల్లింపునూ రెండు వేరు గళ్లలో వేయమనండి, ప్రతి వరుసకూ మారని సంఖ్య ఒకటి పెట్టమనండి. ఉత్తరం కాపీ దాచుకోండి, జవాబు ఏమొచ్చిందో నాకూ రాయండి.