చలి కిందినుంచి వస్తుంది!

సినిమాల్లో చలి చాలా మర్యాదస్తురాలు. మంచుకొండల మీద డ్యూయెట్ జరుగుతుంటే హీరోగారు కోటూ, స్వెట్టరూ, మఫ్లరూ అన్నీ తగిలించుకుని వుంటారు. హీరోయిన్ మాత్రం పల్చటి షిఫాన్ చీరలో, చేతుల్లేని జాకెట్టుతో నవ్వుతూ పరిగెడుతుంది. పళ్లు టకటకలాడవు. ముక్కు ఎర్రబడదు. ‘కట్’ అనగానే శాలువా పట్టుకుని పరిగెత్తుకొచ్చే మనిషి తెరమీద మనకి కనిపించడు గదా!

ఉయ్యాల సంగతీ అంతే. రెండు కొబ్బరిచెట్ల మధ్య వల ఉయ్యాల, అందులో నల్ల కళ్లద్దాల హీరో, ఛాతీ మీద ఓ పుస్తకం... అది పగటి సీను. తెల్లవారుజామున మూడు గంటలకి ఆ హీరో ఏమయ్యాడో ఏ డైరెక్టరూ చూపించలేదు. చూపించని ఆ రీలు సంగతే ఇవాళ నేను చెప్పబోయేది.

మాది పోతిరెడ్డిపల్లి. హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుని పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటి వస్తే సంగారెడ్డి వూళ్లోకి తిరిగే చౌరస్తా వుందే, అదే. ఒకప్పుడు తొమ్మిదో నెంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదు. నెంబరు మారింది గానీ లారీలు మారలేదు. రాత్రింబవళ్లు జహీరాబాదు వైపు కొన్నీ, పటాన్‌చెరు వైపు కొన్నీ. చలికి మాత్రం మా జిల్లా పెట్టింది పేరు. సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మాది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశంలో మబ్బుతునక వుండదు. మబ్బు లేని ఆకాశమంటే పైకప్పు లేని ఇల్లే. పగలంతా నేల దాచుకున్న వేడి రాత్రికి పైకి ఎగిరిపోతుంది. మా జిల్లాలోని కోహీర్ లాంటి చోట్ల గట్టి చలికాలంలో అయిదారు డిగ్రీలకి దిగిన రాత్రులున్నాయి. అందుకే చలికాలం పేపర్లలో కోహీర్ పేరు, పండగ సీజన్లో కొత్త హీరోయిన్ పేరులాగా మాటిమాటికీ కనిపిస్తుంది.

ఇలాంటి వూళ్లో ఉయ్యాలలో రాత్రి గడపాలన్న సరదా మా ముగ్గురు స్నేహితులకీ పుట్టింది. తప్పు మాది కాదు, సినిమాలది! 1977లో ముదుమలై అడవుల్లో తీసిన ‘అడవి రాముడు’ వచ్చిన దగ్గర్నుంచీ, అడవంటే పాటలూ ఏనుగులూ తప్ప చలీ దోమలూ వుంటాయని తెలుగు కుర్రాడికి ఎవరు చెప్పారు? ఇప్పుడైతే ఫోన్లో వేలు నొక్కితే నైలాన్ ఉయ్యాల ఇంటికే వస్తోంది. మడిస్తే కొబ్బరికాయంత. మూడు తెప్పించాం. మా స్నేహితుడి బాబాయిగారి మామిడితోట వుండనే వుంది.

అయితే అసలు పాఠం తోటలో కాదు, చౌరస్తాలో దొరికింది.

ఓ రాత్రి రెండో షిఫ్టు దిగి టీ తాగుతున్నాను. హోటలు వెనక రెండు వేపచెట్ల మధ్య ఓ లారీ క్లీనరు పాత టార్పాలిన్ పట్టా కట్టుకుని పడుకునే ప్రయత్నంలో వున్నాడు. పాతికేళ్లుంటాయేమో. విచిత్రం ఏమిటంటే, పట్టా కింద మరో ఉయ్యాల! రెండు గోనెసంచులు విప్పి కుట్టి, లోపల వరిగడ్డి కూరి, నాలుగు మూలలా సుతిలి తాడుతో పట్టా కింద వేలాడదీశాడు. పైన కప్పుకోవడానికి మాత్రం ఒకే ఒక పాత రగ్గు.

“ఏం తమ్ముడూ, గడ్డి పరుపు లోపల వేసుకోవాలి గానీ బయట వేలాడదీశావేం?” అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు. “తొట్టెల్ల పండితె సలి పైకెల్లి రాదన్నా... కిందికెల్లొస్తది. లోపలేస్తె నీ బరువుకు గడ్డి అణిగిపోతది. అణిగినంక అది గడ్డి గాదు, చాప!”

ఇంటర్ ఫిజిక్సులో రెండేళ్లు చదివింది ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. బొంత గానీ రగ్గు గానీ స్వయంగా వేడి పుట్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి మన వంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. నేల మీద పడుకుంటే కింద గాలి ఆడదు. ఉయ్యాలలోనో? వీపు కింద ఖాళీ. ఆ ఖాళీలో రాత్రంతా చల్లగాలి ఆడుతూ వుంటుంది. మన బరువుకి వీపు కింద బట్ట నలిగి, అందులోని గాలంతా బయటికి పోతుంది. పైన నాలుగు రగ్గులు కప్పుకున్నా వీపు మాత్రం చలిగాలికి చొక్కా విప్పి నిలబడ్డట్టే.

మా అమ్మమ్మ చీర ఉయ్యాలలో బొంత మడిచి లోపలే వేసేది గదా అని మీరడగొచ్చు. నిజమే. కానీ నాలుగు కిలోల పసిబిడ్డ బరువుకి బొంత నలగదు. అరవై కిలోల గడ్డం బిడ్డ పడుకుంటే నలుగుతుంది!

ఈ ఉయ్యాల పడక పుట్టింది చలిదేశంలో కాదు. అమెరికా ఖండం దగ్గరి కరేబియన్ దీవుల్లో. 1492లో కొలంబస్ అక్కడికి చేరినప్పుడు ఆ దీవులవాళ్లు చెట్ల మధ్య వలల్లో పడుకోవడం చూశాడు. వాళ్లు దాన్ని ‘హమాకా’ అనేవారు, ఇంగ్లీషువాళ్ల నోట్లో అది హ్యామక్ అయింది. పదహారో శతాబ్దం ముగిసేసరికి ఇంగ్లీషు నావికులకీ అదే పడక. ఓడ ఎంత వూగినా మనిషి కిందపడడు, పగలు చుట్టి మూల పెట్టేయొచ్చు. ఉక్కపోత దీవుల్లో వీపు కింద గాలి ఆడటం వరం. కోహీర్ గాలిలో అదే శాపం.

సరే, ఇక తోటకి వద్దాం. డిసెంబరు చివర, శనివారం రాత్రి. క్లీనరు తమ్ముడి సిద్ధాంతాన్ని పరీక్ష చేద్దామని చీట్లు వేసుకున్నాం. మొదటివాడికి కింద ఏమీ లేదు, పైన మాత్రం రెండు మందపాటి రగ్గులు. రెండోవాడికి ఉయ్యాల లోపల బొంత, పైన ఒక రగ్గు. మూడో చీటీ నాది. ఉయ్యాల బయట, కిందుగా వేలాడదీసిన గొంగడి, పైన ఒక రగ్గు. బాబాయిగారు తన నల్ల గొంగడి ఇస్తూ, “జాగ్రత్తరోయ్, ఇది మా నాయన కప్పుకున్నది” అన్నారు. డెక్కనీ గొర్రె ఉన్నితో నేసింది. ఉన్నిలో ఓ గొప్ప గుణముంది. కాస్త మంచుకి తడిసినా అది వెచ్చదనం పూర్తిగా వదులుకోదు. నూలుబట్ట తడిసిందో, మనల్ని వదిలేసినట్టే. మన గొర్రెలకాపర్లు వానలోనూ చలిలోనూ గొంగడినే నమ్ముకున్నది వూరికే కాదు.

రాత్రి పదకొండుకి ముగ్గురం పడుకున్నాం. ఒంటిగంటకి మొదటివాడు లేచి మంట దగ్గర చేరాడు. “ముందంతా మద్రాసు, వెనకంతా మంచుకొండరా” అన్నాడు పాపం. రెండోవాడు మూడింటిదాకా లాగాడు. అటు దొర్లితే బొంత ఇటు, ఇటు దొర్లితే బొంత అటు. నేను? తెల్లారి కోడి కూస్తే గానీ కళ్లు తెరవలేదు. అదేం నా ఘనత కాదు, గొంగడిది.

ఆశపడే కుర్రకారు కోసం ఆ రాత్రి తేలిన సూత్రాలు కొన్ని.

కింద కట్టే గొంగడి ఉయ్యాల బట్టకి అంటీ అంటనట్టు వుండాలి. బిగిస్తే నలుగుతుంది, మరీ వదులైతే మధ్యలోంచి గాలి దూరుతుంది. రెండు కొసలూ దగ్గరికి లాగి కట్టాలి. తాడు తీగలా బిగించకూడదు. నేలకి సమాంతరంగా గీత గీసుకుంటే దాని నుంచి ముప్పయి డిగ్రీలు పైకి పోవాలి. ఆ కోణంలో అరవై కిలోల మనిషికి ఒక్కో తాడు మీదా సుమారు అరవై కిలోల లాగుడే పడుతుంది. ‘టైట్’గా వుండాలని పది డిగ్రీలకి బిగించారో, ఒక్కో తాడు మీద నూటడెబ్భై కిలోలు! తాడైనా తెగాలి, కొమ్మైనా విరగాలి. ఎత్తు కుర్చీ అంత చాలు. నిటారుగా కాకుండా కాస్త ఐమూలగా పడుకోండి. వీపు విల్లులా వంగకుండా చదునుగా వుంటుంది.

పైన ఓ టార్పాలిన్ కట్టండి. మంచు పడదు, ఒంటి వేడి తిన్నగా ఆకాశానికి పోదు. పగలు చెమట పట్టిన బనీను మార్చి పొడిబట్టలు వేసుకోండి. మేజోళ్లు, మంకీ టోపీ తప్పనిసరి. టోపీ పెట్టుకుంటే కమెడియన్‌లా వున్నారని ఎవరన్నా అంటే అననివ్వండి. పడుకునే ముందు జొన్నరొట్టో, గుప్పెడు పల్లీలో తినండి. వంట్లో పొయ్యికి కట్టెలు అవే. రాత్రి ఒంటికి పోవాల్సివస్తే బద్ధకించకుండా లేవండి, బిగపట్టుకుంటే నిద్రా వుండదు, సుఖమూ వుండదు. ఇక మందు. సినిమాలో చలి పుట్టగానే విలన్ గ్లాసు ఎత్తుతాడు. మందు చర్మం కింది రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. వేడి పైకి వచ్చి హాయిగా అనిపిస్తుంది, ఆ వేడే బయటికి పోతుంది. అంటే వెచ్చదనం అప్పు, చలి వడ్డీ.

చెట్టు సంగతి కూడా చూసుకోవాలి. మామిడి, వేప, చింత మేలు. చింతచెట్టు మీద తెల్లచీర దయ్యం వుంటుందంటారు, అది మీ ధైర్యానికి సంబంధించిన విషయం. మునగచెట్టు మాత్రం వద్దు. మనిషిని మునగచెట్టెక్కించడం అన్న మాట ఎందుకొచ్చిందో కింద పడ్డాక తెలుస్తుంది. మంజీర ఒడ్డు అందంగా వుంటుంది గదా అని అటు వెళ్లకండి. సంగారెడ్డి పక్కనే వున్న ఆ జలాశయం 1978 నుంచీ వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ హీరోలు మొసళ్లు.

ఇంతవరకూ సరదా. ఇక సరదా కాని మాట.

గొంగడి పరీక్ష పాసైన కబురు చెప్పాలని నేను చౌరస్తాకి వెళ్లాను. వారం తర్వాత ఆ లారీ మళ్లీ వచ్చింది. టీ తాగుతూ అడిగాను, “అంత పెద్ద క్యాబిన్ వుండగా ఈ చలిలో చెట్లకి వేలాడటం ఎందుకు తమ్ముడూ?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. అంతకుముందు చలికాలం అతను వేరే లారీ మీద వున్నాడు. ఓ రాత్రి దారిలో బండి ఆపుకుని, డ్రైవరూ అతనూ క్యాబిన్లో పడుకున్నారు. చలికి తట్టుకోలేక రేకు డబ్బాలో బొగ్గులు రాజేసి, అద్దాలన్నీ ఎత్తేశారు. తెల్లవారుజామున ఇతనికి తల పగిలిపోతూ మెలకువ వచ్చింది. కాళ్లు స్వాధీనంలో లేవు. ఎలాగో తలుపు తోసి కిందపడ్డాడు.

“డ్రైవరన్నను గుంజిన... బయటికి గుంజిన. ఆయన లేవలే. నాలుగేండ్లు నాకు స్టీరింగ్ నేర్పిండన్నా. గప్పటికెల్లి క్యాబిన్ల పండ. బండి కింద గూడ కట్టుకోను, ఎవ్వడన్న తెల్వక బండి తీస్తె?”

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

బొగ్గు సగం సగం మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగలా దగ్గు రాదు, కళ్లు మండవు. మన రక్తంలో ప్రాణవాయువుని మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇంక ప్రాణవాయువుకి చోటెక్కడ? తలనొప్పి, మత్తు, నిద్ర... నిద్రలోనే ముగింపు. సినిమా విలన్ కనీసం ఓ డైలాగ్ చెప్పి చంపుతాడు, ఇది ఆ పాటి మర్యాద కూడా చూపించదు. క్యాబిన్ అయినా, రేకుల గది అయినా, జిప్పు మూసిన టెంటు అయినా ఒకటే. ఉయ్యాల కింద కుంపటి పెట్టడమూ వద్దు. నైలాన్ బట్టకి నిప్పురవ్వ ఒక్కటి చాలు.

మా ముగ్గురికీ ఉయ్యాల ఒక శనివారం సరదా. ఆదివారం పొద్దున మడిచి సంచిలో పెట్టేశాం. అతనికి అది మంచం, గది, ఇల్లు. రెండు గోనెసంచులూ, గుప్పెడు గడ్డీ అతనికి నేర్పిన విద్య మనం సరదాకి వాడుకుంటున్నాం. వాడుకోండి, తప్పులేదు. అందుకు బదులుగా ఒక్క పని చేయండి.

సెకండ్ షో వదిలాక చలిలో చేతులు జేబుల్లో పెట్టుకుని ఇంటికి నడుస్తారు గదా. దారి పక్కన ఆగిన లారీలో అద్దాలన్నీ ఎత్తి వుండి, లోపల ఎర్రగా నిప్పు కనిపిస్తే, వెళ్లి తలుపు కొట్టండి. లోపలివాళ్లు నిద్రమత్తులో తిడితే తిట్టించుకోండి. తిట్టారంటే బతికున్నట్టే. తిట్టకపోతే ఇంకా గట్టిగా కొట్టండి.