గీసిన చోటే వెలుగు

టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో తెలుగువాళ్లింట ఏ శుభకార్యమైనా రిటర్న్ గిఫ్ట్ ఉండాల్సిందే. కుంకుమభరిణెలతో పాటు ఈసారి అడుగున లైటు వెలిగే అక్రిలిక్ పలకలు కూడా చూశాను. వాటిని చేసే ఒకావిడ దగ్గరికి మా మరదలు తీసుకెళ్లింది. వర్క్‌షాప్ అంటే మేడ మీది పడగ్గదే. మంచం తీసేసి పెద్ద బల్ల వేశారు.

బల్ల మీద క్రికట్ మేకర్ అనే కత్తిరింపు యంత్రం ఉంది. 2017లో వచ్చిన మోడల్. స్టిక్కర్లు, బట్టలు కత్తిరించేవాళ్లకు పరిచయమే. కత్తి తీసి ఆ చోట చెక్కే మొన బిగిస్తే అక్రిలిక్ మీద గీతలు గీస్తుంది. లేజర్‌లా కాల్చదు, గీకుతుందంతే. ఈ తేడా తెలియకుండా దిగినవాళ్లకు ఆశాభంగం ఖాయం. లేజర్ ఒక బొమ్మను నిండా మంచుతెలుపు చేసేయగలదు. దీనికి తెలిసింది గీత ఒక్కటే. నిండుదనం కావాలంటే సన్నగీతలు పక్కపక్కనే దట్టంగా గీయించుకోవాలి.

“ముందు మందం చూసుకోవాలండీ, తర్వాతే డిజైను,” అందావిడ. 2.4 మిల్లీమీటర్లు దాటితే యంత్రంలో దూరదు, అందుకే 2 మిల్లీమీటర్ల పలకలే కొంటుంది. పైపొర ఒలిచి, కింది పొర అలాగే ఉంచి, బాగా జిగురున్న ఊదారంగు మ్యాట్ మీద అదిమి, నాలుగంచులా టేపు వేసింది. రోలరు మీది తెల్ల చక్రాలను పక్కకు జరిపింది, లేకపోతే పలక మీద వాటి ముద్రలు పడతాయి. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి పంపింది. గీతలు వెనకవైపు ఉంటే ముందువైపు నున్నగా మిగులుతుంది.

గది నిండా కీచుమనే మోత. మొన వెనకే తెల్లటి పొడి లేచి పలకకే అంటుకుంటోంది. ఒక విడత అయ్యాక మ్యాట్ బయటికి తీయకుండానే మళ్లీ నడిపింది. ఒకసారి తీశారా, రెండో గీత మొదటిదాని మీద పడదు. అయ్యాక సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ. గాజు తుడిచే స్ప్రేలు ముట్టుకోదు. అమోనియా, ఆల్కహాల్ తగిలితే అక్రిలిక్‌లో వెంట్రుకవాసి పగుళ్లొస్తాయి.

అసలు తంటా తెలుగుతో వచ్చింది. మామూలు ఫాంటులో అక్షరానికి రెండు అంచులుంటాయి. యంత్రం ఆ రెంటినీ గీసి లోపల ఖాళీ వదిలేస్తుంది. ఆవిడ టాబ్లెట్ మీద పేర్లను ఒంటిగీతతో తనే రాసుకుంటుంది. గృహప్రవేశం పలక మీది ‘శ్రీ’ చూశాను. కింది రావత్తు తిరిగిన చోట గీత ఎక్కడా తెగలేదు. ఫాంటులో ఆ చేతిరాత ఒడుపు రాదు. పూర్వం తాటాకు మీద ఘంటంతో గీసి మసి పూస్తే అక్షరం తేలేది. లైటు వద్దన్నవాళ్లకు ఈవిడ చేసేదీ అదే: గీతల్లో తెల్లరంగు రుద్ది, ఆరేలోపు పైపైన తుడిచేయడం.

లైటు ఉంటే రంగు అక్కర్లేదు. అడుగంచు నుంచి ఎక్కిన వెలుతురు పలక రెండు ముఖాలకూ ఏటవాలుగా తగిలి లోపలికే మళ్లుతుంది. గీకిన చోట ఉపరితలం గరుకు కాబట్టి అక్కడ బయటికి చెదురుతుంది. అందుకే పొరపాటున పడిన చిన్న గీత కూడా ‘శ్రీ’తో పాటు వెలుగుతుంది. ఇక్కడ సగం పని శుభ్రతే.

పలకను నిలబెట్టేందుకు ఆవిడ కొనే చెక్క దిమ్మెల్లో గాడి 4 మిల్లీమీటర్లు, పలకేమో అందులో సగం. నిలబెడితే ఊగుతుంది. అడుగున మరో 2 మిల్లీమీటర్ల పట్టీ అతికించి సరిచేస్తోంది. ఫొటో వేసివ్వమని అడిగేవాళ్లూ ఉన్నారట. వాళ్లకు మొహమాటం లేకుండా లేజర్ ఉన్న దుకాణం దారి చూపిస్తుంది.