ఆత్రేయపురం నుంచి రెండు ఉత్తరాలు

ఆత్రేయపురం,
21 జులై 2022

చెల్లాయికి,

క్షేమంగా చేరాను. ధవళేశ్వరం ఆనకట్ట దాటుతుంటే గోదావరి ఇంకా ఎర్రగానే పారుతోంది. కొద్ది రోజుల కిందట పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన వరద మరి!

పూతరేకులు చేసే వారింట్లో దిగాను. పొయ్యి మీద బోర్లించిన కుండ. ఇంటావిడ పల్చటి గుడ్డను బియ్యప్పిండి జావలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు, రెప్పపాటులో రేకు లేచొస్తుంది. పక్కన టీవీలో రాష్ట్రపతి ఎన్నిక ఓట్ల లెక్కింపు. "మా చేత ఓటేయించకుండా ఇదేం ఎన్నికండీ?" అన్నారావిడ. మొన్న నువ్వూ అదే అడిగావు.

రాష్ట్రపతిని ఎన్నుకునేది మనం ఎన్నుకున్న ఎంపీలు, ఎమ్మెల్యేలు. ఈ ఊరు కొత్తపేట నియోజకవర్గంలోది. 1971 నాటి మన రాష్ట్ర జనాభాను 175 మంది ఎమ్మెల్యేలకు పంచి, వెయ్యితో భాగిస్తే ఒక్కొక్కరి ఓటు విలువ 159. "మీరు 2019లో ఎమ్మెల్యేకు వేసిన ఓటే మొన్న సోమవారం వెలగపూడి అసెంబ్లీలో పనిచేసిందండీ" అన్నాను. ఆవిడ తలూపి, ఇంకో రేకు లాగారు.

22 జులై

చెల్లాయీ,

రాత్రి ద్రౌపది ముర్ము గారు గెలిచారు. ఇంటి తాతగారు ఆ వార్త విని 1969 నాటి రాష్ట్రపతి ఎన్నికలోకి వెళ్లిపోయారు. "ఇద్దరూ మనోళ్లే నాయనా! వి.వి.గిరి గారు, సంజీవరెడ్డి గారు. లాకుల దగ్గర రేడియో చుట్టూ ఊరంతా నిలబడ్డాం."

మన గణతంత్రానికి అప్పటికి పంతొమ్మిదేళ్లే. కాంగ్రెస్ అభ్యర్థి సంజీవరెడ్డి, గిరి స్వతంత్ర అభ్యర్థి. కాంగ్రెస్ ప్రధాని ఇందిరాగాంధీ మాత్రం తన పార్టీ వాళ్లను అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు. ఆగస్టు 20న లెక్క తేలింది. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. మిగతా ఓట్లు ఇతర అభ్యర్థులకు పడటంతో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపాక గిరి 4,20,077, రెడ్డి 4,05,427. అంత దగ్గరి పోటీ! ఆ ఏడాదే కాంగ్రెస్ రెండుగా చీలింది.

ఆ తర్వాత జరిగినదే నీకు చెప్పాలని ఈ ఉత్తరం. ఎన్నిక చెల్లదని కేసు పడితే, 1970లో గిరి రాష్ట్రపతిగా ఉండగానే సుప్రీంకోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. కేసు నిలవలేదు. ఓడిన సంజీవరెడ్డి 1977లో పోటీయే లేకుండా రాష్ట్రపతి అయ్యారు. అలా ఎన్నికైనది ఇప్పటికి ఆయనొక్కరే. గెలిచినాయన బోనెక్కాడు, ఓడినాయన రాష్ట్రపతి భవన్ గుమ్మంలోంచి లోపలికెళ్లాడు. పసి ప్రజాస్వామ్యం కాళ్లూనుకున్నది అక్కడే అనిపిస్తుంది నాకు.

నీకు పద్దెనిమిది నిండగానే ఓటు రాయించుకో. బెల్లం పూతరేకులు కట్టించాను, ఎల్లుండికి తెస్తాను.

అన్నయ్య